మొహమాటస్తుల ఊరు

దీసాను మనం చర్చి హాలు గుమ్మంలో, కోటు ఒక చెయ్యి విప్పి రెండోది విప్పకుండా, నిలబెట్టి వచ్చాం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. ఎందుకు నిలబడిందో ఒక్కసారి గుర్తు చేసుకుంటే లోపలికి వెళ్ళిపోవచ్చు.

దీసా ఆల్‌స్టర్‌లుండ్‌కు అరవై ఒకటి. గ్రోవిక్ రేవుకు ముప్ఫై ఏళ్ళ కింద విలేకరిగా వచ్చింది. పత్రిక వాళ్ళు ఇక్కడి ఆఫీసు ఎత్తేసినా తను ఊరు వదల్లేదు. ఆరేళ్ళుగా ప్రతి గురువారం పొద్దున తొమ్మిదింటికి ‘గురువారం ఉత్తరం’ అని సొంతంగా రాసి ఈమెయిల్లో పంపుతోంది. ఊళ్ళోనూ చుట్టుపక్కల దీవుల్లోనూ కలిపి పదమూడు వందల మంది చందాదారులు. అయితే ఐదు వారాలుగా ఆ ఉత్తరాలకు ఒక్క జవాబూ లేదు. బావిలో రాయి వేస్తే చప్పుడైనా వస్తుంది, ఇక్కడ అదీ లేదు. అందుకని ఈ గురువారం ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఉత్తరం రాయలేదు, పంపలేదు. ఎవరైనా అడుగుతారేమో చూద్దామని ఊరుకుంది. మధ్యాహ్నం సూప్ తాగడానికి చర్చి హాలుకు వచ్చి కోటు విప్పుతుంటే, ఎనభై నాలుగేళ్ళ ఎవాల్డ్ ఎదురొచ్చి, టోపీ తీసి, "ఈ వారం ఉత్తరం చాలా బాగుంది అమ్మాయ్" అన్నాడు.

పంపని ఉత్తరం బాగుందట.

దీసా రెండో చెయ్యి కూడా విప్పుకుని కోటు కొక్కేనికి తగిలించింది. ఏం బాగుందని అడగలేదు. అడిగితే ముసలాయన ఏదో ఒకటి కల్పించి చెప్పాలి, తను నమ్మినట్టు మొహం పెట్టాలి. అంత ఓపిక ఆమెకు లేదు. థాంక్స్ చెప్పి వరసలో నిలబడింది.

గురువారం నాడు పసుపు బఠానీల సూప్ తాగని ఇల్లు గ్రోవిక్‌లో లేదు. నవంబరు నెల వచ్చిందంటే ఇంట్లో కాచుకోవడానికి బద్ధకించి సగం ఊరు చర్చి హాల్లోనే తింటుంది. బయట వాన. లోపల నలభై మంది, పొడుగాటి బల్లలు, మధ్యలో నంజుకునే ఆవపిండి ముద్ద గిన్నెలు, తడిసిన ఊలు వాసన. వరసలోంచి తన కుర్చీ దాకా నడిచే లోపల దీసాకు ఇంకో మూడు మెచ్చుకోళ్ళు వచ్చాయి. చేపల కొట్టు రోలాండ్, మా మనసులో మాట రాశావన్నాడు. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయంది. తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన అగ్నేతా మాత్రం తల వంచుకుని, "ఎప్పటిలాగే ఉంది" అని పక్కకు తప్పుకుంది. ఈ నలుగురిలో ఒక్క అగ్నేతా మాటే నిజం కావచ్చని దీసాకు అనిపించింది.

గోడవారగా కిటికీ పక్కన కూర్చుంది. అక్కడినుంచి రేవు గట్టు కనిపిస్తుంది, గట్టు చివర నల్లరాయి కనిపిస్తుంది. దీసా ప్రతి గురువారం ఆ కుర్చీయే ఎందుకు వెతుక్కుంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు. యాభై ఏళ్ళ కింద ఒక నవంబరు తుఫానులో ‘సిగ్రిడ్’ అనే చేపల పడవ మునిగి ముగ్గురు పోయారు. మూడేళ్ళ కింద దీసా పాత పత్రికల కట్టలు తిరగేసి ఆ ముగ్గురి కథ ఒక ఉత్తరంలో రాసింది. బిర్గెర్, హెన్నింగ్, ఇరవై రెండేళ్ళ ఐనార్. ఈ ఐనార్ మన ఎవాల్డ్‌కు తమ్ముడు. ఆ ఉత్తరం చదివి ఊరు కదిలిపోయింది. చందాలు వేసుకుని గట్టు మీద రాయి పాతించారు, మూడు పేర్లూ చెక్కించారు. ఏటా నవంబరు మూడో ఆదివారం ఎవాల్డ్ చేతనే దండ వేయిస్తారు. ఈ ఏడు అది వచ్చే ఆదివారమే. పత్రికలో పాతికేళ్ళు చేసిన చాకిరీలో దీసాకు మిగిలిందేమీ లేదు గానీ, ఆ రాయి మిగిలింది.

ఆమెకు ఇంకొక్క గర్వం ఉంది. పత్రికలో పనిచేసేటప్పుడు రెండో పేజీలో సవరణల గడి ఉండేది. పేరు తప్పు పడినా, వయసు తప్పు పడినా మర్నాడు అందులో ఒప్పుకోవాలి. ఆ అలవాటు కొద్దీ తన ఉత్తరం అడుగున కూడా ‘సవరణలు’ అని ఒక గీత గీసి పెట్టింది. ఆరేళ్ళుగా ప్రతి వారం దాని కింద ఒకే మాట వస్తోంది: ఏమీ లేవు. తప్పు చూపించినవాడు ఒక్కడూ లేడు. చూపిద్దామనుకున్నవాడు ఉన్నాడేమోనన్న అనుమానం కూడా ఆమెకు ఎప్పుడూ రాలేదు.

సగం గిన్నె అయ్యేసరికి టోర్కెల్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. టెలిఫోను కంపెనీలో వైర్లు లాగి లాగి రిటైరైన మనిషి. ఇప్పుడు ప్రతి మంగళవారం లైబ్రరీలో కూర్చుని ముసలివాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తుంటాడు. దీసా ఉత్తరాలకు పట్టిన జబ్బేమిటో చూడమంటే వారం రోజులు తీసుకున్నాడు. ఇప్పుడు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచి, దాని మీద ఆవముద్ద పడకుండా గిన్నె పక్కకు జరిపాడు.

"చెప్పమంటావా, తిన్నాక చెప్పనా?" అన్నాడు.

"తింటుండగానే చెప్పు. ఎలాగూ రుచి తెలియడం లేదు."

టోర్కెల్ నింపాదిగా చెప్పాడు. ఉత్తరాలు పోవడం లేదన్నది అబద్ధం. అన్నీ పోతున్నాయి, అన్నీ చేరుతున్నాయి. కాకపోతే స్పామ్‌లోకి చేరుతున్నాయి. లాటరీ మోసాలూ జుట్టు మొలిపించే మందులూ పడే చోట దీసా ఉత్తరాలు పడుతున్నాయి. ఎవరూ తొంగి చూడని చోటు అది. అలా ఎందుకు పడుతున్నాయంటే, చదివేవాళ్ళలో కొందరు దీసా ఉత్తరం మీద స్పామ్ అని నొక్కారు. ఒకరిద్దరు నొక్కితే ఫర్వాలేదు. వీధిలో పదిమంది ఒకడి మీద ఫిర్యాదు చేస్తే పదకొండో ఇంటివాడు కూడా తలుపు తియ్యడు కదా, ఇదీ అంతే. ఇప్పుడు కావాలనుకునేవాడికి కూడా ఉత్తరం కంటికి కనిపించదు.

"ఎంతమంది నొక్కారు?"

"డెబ్బై ఒక్క మంది."

దీసా చెంచా కింద పెట్టింది. టోర్కెల్ మిగతాది కూడా చెప్పేశాడు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టడం కష్టమని కాబోలు. ఆమె ఉత్తరాలు బట్వాడా చేసే కంపెనీ వాళ్ళు నిన్న హెచ్చరిక పంపారు. వద్దనుకునేవాళ్ళను జాబితాలోంచి తీసేయడానికి ఒక్క వారం గడువు. వచ్చే గురువారం ఉత్తరానికి కూడా ఇలాగే ఫిర్యాదులు వస్తే ఖాతా మూసేస్తారు. ఇంకో కంపెనీకి పోయినా లాభం లేదు, చెడ్డపేరు వెనకాలే వస్తుంది. అంటే ఇంక ఒక్క ఉత్తరం. అది సవ్యంగా చేరితే గురువారం ఉత్తరం బతుకుతుంది, లేకపోతే ఆరేళ్ళ పని అక్కడికి సరి.

"ఎవరు వాళ్ళు?" అంది దీసా.

"పేర్లు చెప్పరు. అంకె మాత్రమే ఇస్తారు."

దీసా మనసులో శత్రువులను లెక్కపెట్టుకుంది. రేవు పూడిక తీతలో ఇసుక మింగిన కాంట్రాక్టరు ఒకడు. వాడి బావమరిది ఒకడు. బడి వంటగదిలో ఎలుకల సంగతి రాసినందుకు అప్పటి హెడ్‌మాస్టరు. ఇంకొకడు ఎవరో ఉండాలి, గుర్తు రాలేదు. ఎంత పెంచి చూసినా నలుగురు. మిగతా అరవై ఏడుగురు ఎవరు? తొమ్మిది వందల గడప ఊళ్ళో తను ఇంతమందికి ఎప్పుడు చేదైంది? కోపం రావాల్సిన చోట ఆమెకు నీరసం వచ్చింది. ఇంటికి వెళ్ళి బూట్లయినా విప్పకుండా పడుకోవాలనిపించింది.

అప్పుడే మైవర్ వచ్చి పక్కన కూర్చుంది. అందరికీ వడ్డించాక, ఏప్రన్ విప్పకుండానే తన గిన్నె తెచ్చుకుని దీసా పక్కన తినడం ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ రివాజు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ హాలు తాళాలు ఉండేది ఆవిడ నడుముకే. ఆగస్టులో ఇద్దరూ కలిసి అడవికి పుట్టగొడుగులు ఏరడానికి పోతారు. దీసా భర్త పోయినప్పుడు నెల రోజులు ఆ ఇంట్లో వంట చేసిపెట్టింది ఈవిడే. దీసా కాగితం ఆవిడ ముందుకు తోసి, "చూడవే, ఊళ్ళో నాకు డెబ్బై ఒక్క మంది శత్రువులున్నారట" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మైవర్ భుజాలు తడుముకోలేదు గానీ, నోటి దాకా వెళ్ళిన చెంచా గిన్నెలోకి తిరిగి వచ్చేసింది. కాగితం చదవలేదు. టోర్కెల్ వైపు చూసి, దీసా వైపు చూసి, మళ్ళీ గిన్నెలోకి చూసింది.

"అది నొక్కితే నీకు తెలియదనుకున్నానే," అంది.

"ఏది నొక్కితే?"

"ఆ స్పామ్ మీట."

దీసాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాసేపు అర్థం కానట్టే ఉండిపోయింది. "నువ్వు నొక్కావా?" అని అడిగింది చివరికి.

"మొదట నొక్కింది నేనే. ఆ తర్వాత అడిగినవాళ్ళకి నేర్పించాను. ఇక్కడే, కాఫీ దగ్గర. ఫోన్లు తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు పాపం, కళ్ళజోడు లేక కనపడదని."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. టోర్కెల్ తన కాగితం మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచిపోవాలా, ఉండాలా అన్నది తేల్చుకోలేక ఉండిపోయాడు.

ఇష్టం లేకపోతే ఉత్తరం అడుగున ‘ఇక వద్దు’ అని ఉంటుంది కదా, అది నొక్కితే సరిపోయేది కదా అని దీసా అడిగింది. గొంతు పెద్దది కాలేదు. అడిగింది నేరం మోపడానికి కాదు, నిజంగా తెలియకే.

"అది నొక్కితే నీకు పేరు తెలుస్తుంది," అంది మైవర్. "అగ్నేతా సంగతి మరిచిపోయావా?"

మరిచిపోలేదు గానీ, దీసాకు గుర్తున్నది వేరు. రెండేళ్ళ కింద అగ్నేతా ‘ఇక వద్దు’ నొక్కింది. ఎవరు వెళ్ళినా దీసా ఫోను టింగుమని పేరు చెబుతుంది. మర్నాడు కొట్లో చీజు కోయించుకుంటూ అగ్నేతా కనిపిస్తే, దీసా దగ్గరికి వెళ్ళి చాలా మెత్తగా అడిగింది, వెళ్ళిపోయావట, నా రాతలో ఏమైనా నొప్పి కలిగించిందా, చెబితే దిద్దుకుంటానని. విలేకరి బుద్ధి, కారణం తెలుసుకోకుండా ఉండలేదు. అగ్నేతా అబ్బే, పొరపాటున వేలు తగిలిందంది. ఆ సాయంత్రమే తిరిగి చేరింది. దీసా సంతోషించింది. అంతవరకే ఆమెకు తెలుసు.

ఊరికి తెలిసింది ఇంకోలా ఉంది. మైవర్ చెబుతుంటే దీసా విన్నది. చీజు దగ్గర వరసలో ఆ రోజు ఆరుగురున్నారట. అగ్నేతా చెవుల దాకా ఎర్రబడిపోయి, చీజు తీసుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయిందట. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, దీసాకు పేర్లు తెలుస్తాయి, వెళ్తే పట్టుకుని అడుగుతుంది అని. అప్పటినుంచి ఒక్కరూ ఆ గుమ్మంలోంచి వెళ్ళలేదు. చదవకపోయినా ఉండిపోయారు. ఉండలేనివాళ్ళకు మైవర్ దొడ్డిదారి చూపించింది.

"నువ్వు తిట్టుంటే బాగుండేదే. అంత మంచిగా అడిగావు చూడు, అదీ వచ్చిన తంటా."

"సరే, వాళ్ళ సంగతి వదిలెయ్," అంది దీసా. "నీకేమైంది? నీకు నా రాత నచ్చదా?"

మైవర్ ఏప్రన్ అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"నచ్చుతుందో లేదో నాకే తెలియదే. నచ్చిందా లేదా అని చూసుకునే తీరికేదీ నాకు? పొద్దున తొమ్మిదికి ఉత్తరం వస్తుంది. పన్నెండింటికి నువ్వొస్తావు. ఈ మధ్యలో నేను నలభై మందికి సూప్ కాచాలి. వచ్చీ రాగానే చదివావా అంటావు. చదివానంటే ఎలా ఉందంటావు. బాగుందంటే ఏది బాగుందంటావు. గరిటె చేత్తో పట్టుకుని పరీక్ష రాసినట్టు ఉంటుంది నాకు. నువ్వంటే నాకు ప్రాణమే, కానీ గురువారం వచ్చిందంటే భయం."

"నాతో చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? నీకు మిగిలింది అదొక్కటేగా."

ఆ మాట దీసాకు తగలాల్సిన చోటే తగిలింది. భర్త పోయాడు, పత్రిక పోయింది, ఆ తర్వాత ఆమె వారమంతా బతికేది గురువారం కోసమే. కానీ అది పైకి కనిపిస్తోందని, ఊరు తన మీద జాలిపడుతోందని, జాలిపడి చదువుతోందని ఈ క్షణం దాకా ఆమెకు తెలియదు. మెచ్చుకోళ్ళన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆరేళ్ళలో విన్న ప్రతి ‘బాగుంది’ వరసగా గుర్తొచ్చి, వాటిలో ఏది నిజమో ఏరుకోవడం కూడా విసుగనిపించింది.

"అయితే ఆపేస్తాను," అంది. "కంపెనీ వాళ్ళు ముయ్యడమెందుకు, నేనే మూసేస్తాను. అందరికీ సుఖం."

ఇప్పటిదాకా సూప్ మీద పేరుకున్న పొర చూస్తూ కూర్చున్న టోర్కెల్ అప్పుడు నోరు విప్పాడు. మొన్న మంగళవారం లైబ్రరీకి పదకొండు మంది వచ్చారని చెప్పాడు. అందరిదీ ఒకటే ప్రశ్న, దీసాకు ఒంట్లో బాగాలేదా, ఉత్తరం రావడం లేదు అని. స్పామ్ తెరిచి చూపిస్తే ఐదూ అక్కడే ఉన్నాయి. లైట్‌హౌస్ దీవి హెల్మీ అయితే పడవెక్కి వచ్చింది. మొగుడికి చూపు పోయింది, ప్రతి గురువారం ఆయనకు చదివి వినిపించేది దీసా ఉత్తరమే. ఐదు వారాలుగా పాతవే మళ్ళీ చదువుతోందట.

"మరి నన్నెందుకు అడగలేదు?" అంది దీసా.

"అడిగితే నువ్వు రాయడం లేదని నిలదీసినట్టు ఉంటుందట."

దీసాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. వద్దనుకున్నవాడు మొహమాటపడి వద్దనడు, కావాలనుకున్నవాడు మొహమాటపడి కావాలనడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత మనకు ఉండనే ఉంది, చర్చి హాల్లో కూర్చున్నాం కనక అది ఇక్కడ వద్దు. ఈ ఊళ్ళో మొహమాటానికి ఒక ఉత్తరం చస్తోంది, అంతే.

టోర్కెల్ ఉపాయం చెప్పాడు. వెళ్ళేవాళ్ళు వచ్చే గురువారం లోపల తిన్నగా వెళ్ళాలి, ఉండేవాళ్ళు స్పామ్‌లోంచి ఉత్తరాన్ని బయటికి లాగాలి. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే లాభం లేదు, ఉత్తరం చేరడం లేదు కదా. నోటితోనే చెప్పాలి. ఎవరెవరు వెళ్తారో తనతో చెబితే చాలు, తీసేస్తాడు. దీసాకు పేర్లు తెలియనక్కర్లేదు.

"తెలియనక్కర్లేదు కాదు, తెలియకూడదు," అంది మైవర్.

దీసా ఫోను తీసింది. అమరికల్లోకి వెళ్ళింది. ‘చందాదారు వెళ్ళిపోతే నాకు తెలపండి’ అన్న దగ్గర ఆరేళ్ళుగా పచ్చదీపం వెలుగుతోంది. తెలుసుకోవడమే వృత్తిగా బతికిన మనిషికి తెలుసుకోనని ఒప్పుకోవడం పన్ను పీకించుకోవడమే. వేలు దాని మీద ఉంచి కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత నొక్కింది. దీపం ఆరింది. ఫోను టోర్కెల్ చేతికిచ్చి, చెంచాతో గ్లాసు మీద రెండుసార్లు కొట్టి లేచి నిలబడింది.

హాలు సద్దుమణిగింది. ఎవరిదో పుట్టినరోజని చెప్పబోతోందనుకుని కొందరు అప్పుడే చిరునవ్వులు పెట్టుకున్నారు.

"ఈ వారం నేను ఉత్తరం పంపలేదు," అంది దీసా.

చిరునవ్వులు అలాగే ఉండిపోయాయి, వాటిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఆర్గన్ ఆవిడ రుమాలు తీసి మూతి తుడుచుకుంది. రోలాండ్ గట్టి రొట్టె ముక్కను అవసరం లేకపోయినా రెండుగా విరిచాడు.

దీసా ఎవరినీ తప్పుపట్టలేదు. స్పామ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది, దానివల్ల హెల్మీ మొగుడికి ఉత్తరం అందడం లేదని చెప్పింది. అగ్నేతాను పేరు పెట్టి పిలిచి, చీజు దగ్గర అడిగినందుకు క్షమించమంది. తర్వాత అంది: "వద్దనుకునేవాళ్ళు వెళ్ళండి. ఇప్పుడే, ఇక్కడే, టోర్కెల్‌తో చెప్పండి. నేను అటు తిరిగి నిలబడతాను. ఎవరు వెళ్ళారో చూడను, అడగను. రేపు కొట్లో కనిపిస్తే వాన గురించి మాట్లాడుకుందాం."

చెప్పినట్టే కిటికీ వైపు తిరిగింది. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. గట్టు చివర నల్లరాయి తడిసి మెరుస్తోంది. వెనకాల నలభై మంది ఉన్నారన్న చప్పుడే లేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారని చూడకుండానే తెలుస్తోంది. ఎవరూ కదలరు, ఈ ఊరు ఇంతే, ఇలాగే మర్యాదగా ఉత్తరాన్ని పాతిపెట్టి దాని మీద కూడా ఒక రాయి వేస్తుంది అనుకుంది.

కుర్చీ చప్పుడైంది.

"నేను వెళ్తున్నా," అంది మైవర్ గొంతు, హాలంతా వినబడేలా. "రాసుకో టోర్కెల్. సూప్ మాత్రం ఎప్పటిలాగే పోస్తా."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు గడియ ఊడినట్టయింది. నేను కూడా అంది అగ్నేతా, రెండేళ్ళ కిందే వెళ్ళాను గానీ తిరిగి రావాల్సొచ్చిందని కూడా అంది. ఈసారి ఇంకొంతమంది నవ్వారు. కుర్చీలు జరిగాయి. రోలాండ్, తను వాతావరణం ఒక్కటే చదువుతానని, అది విడిగా పంపడం కుదురుతుందా అని అడుగుతున్నాడు. కుదరదని టోర్కెల్ చెబుతున్నాడు. అయితే ఉంటాను అంటున్నాడు రోలాండ్. ఇంకెవరో స్పామ్‌లోంచి ఎలా లాగాలో అడుగుతున్నారు. కావాలని, ఉంటానని అంటున్న గొంతులు కూడా వినబడుతున్నాయి, ఆమె అనుకున్నదాని కంటే ఎక్కువే వినబడుతున్నాయి. గొంతులన్నీ దీసాకు తెలుసు. చూడనని మాటిచ్చింది గానీ విననని ఇవ్వలేదు. అయినా వెళ్ళేవాళ్ళ గొంతులు వింటుంటే అనుకున్నంత నొప్పి లేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఊరు తనతో అబద్ధం ఆడడం లేదు. బహుశా వచ్చే గురువారం రాయొచ్చు అనుకుంది. చిన్నది రాయొచ్చు.

అడుగుల చప్పుడు దగ్గరికి వచ్చింది. చేతికర్ర చప్పుడు కూడా కలిసి ఉంది కనక వచ్చిందెవరో తిరగకుండానే తెలిసింది. ఎవాల్డ్ ఆమె పక్కకు వచ్చి, ఆమెలాగే కిటికీ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"నేనూ వెళ్తానమ్మాయ్," అన్నాడు.

అందరూ వెళ్ళినా ఈయన వెళ్ళడనుకుంది దీసా. ఫర్వాలేదని, చెప్పినందుకు సంతోషమని అంది. కారణం అడగకూడదని పెదవి కొరుక్కుంది.

ఆయన తనంత తనే చెప్పాడు. "నీ ఉత్తరాలు నాకిష్టమే. ఒక్కటి తప్ప. నువ్వు అడుగున ‘సవరణలు ఏమీ లేవు’ అని పెడతావు చూడు, అది చదివినప్పుడల్లా చెబుదామనుకుంటాను. నువ్వు అంత కష్టపడి రాశావు. ఊరు రాయి వేసింది. ఎలా చెప్పను? మూడేళ్ళు దండ వేశాను. ఈ ఆదివారం ఇంక నా వల్ల కాదు."

దీసా ఇచ్చిన మాట మరిచిపోయి ఆయన వైపు తిరిగింది. "ఏమిటి మీరు చెబుతున్నది?"

ముసలాయన గట్టు మీది రాయినే చూస్తున్నాడు.

"ఆ రోజు ఆ పడవలో మా ఐనార్ లేడు."

దీసా హాలు వైపు తిరిగింది. మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయారు, ఆయన మాట అందరికీ వినబడింది. ఆమె కళ్ళు మైవర్ కోసం వెతికాయి. మైవర్ ఒక కాగితం రుమాలును నాలుగు మడతలు పెట్టింది, దాన్ని మళ్ళీ ఎనిమిది చేస్తోంది. తల ఎత్తలేదు. రోలాండ్, అగ్నేతా, ఆర్గన్ ఆవిడ, యాభై దాటిన ప్రతి మనిషీ తన గిన్నెలోకే చూసుకుంటున్నాడు. హాల్లో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు.